మంచుబాతులు – పిలిచే బొమ్మలు

మన వైపు పొలంలో బొమ్మను నిలబెట్టేది పిట్టలను తరమడానికి. రెండు కర్రలు అడ్డంగా కట్టి, పాత చొక్కా తొడిగి, బోర్లించిన కుండకు సున్నపు బొట్లు పెట్టి నిలబెడితే, కంకి మీద వ్రాలబోయిన పిట్ట బెదిరి పోతుందని రైతు నమ్మకం. పిట్ట బెదిరినా బెదరకపోయినా చేనికి దిష్టి తగలదు గదా అని ఇంకొక ఊరట. అలాంటిది, అదే వరిపొలంలో పిట్టలను రమ్మని పిలవడానికి వందలకొద్దీ బొమ్మలు నిలబెట్టే దేశం ఒకటున్నదంటే మేము మొదట నమ్మలేదు.

నమ్మించినవాడు మా మేనల్లుడు. వాడు అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. అమెరికాలో పండే వరిలో దాదాపు సగం ఆ ఒక్క రాష్ట్రంలోనే పండుతుంది. వాడి ఆఫీసులో పనిచేసే ఒకాయనకు వరిపొలాలున్నవి. ఫిబ్రవరి నెలలో ఒక శనివారం, తెల్లవారుజామున మూడు గంటలకు, ఆయన వాడిని పొలానికి తీసుకొనిపోయి మంచుబాతుల వేట చూపించాడట. మరునాడు వాడు ఫోనులో బొమ్మ కనబడేటట్లు మాట్లాడుతూ, మా నాన్నగారిని అడిగాడు: "తాతయ్యా! వచ్చే ఏడు నన్ను కూడా లైసెన్సు తీసుకొని తుపాకి పట్టమంటున్నారు. మీరేమంటారు?"

మాది 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటు ఉండిపోయిన గంజాం జిల్లా తెలుగు కుటుంబాలలో ఒకటి. నాన్నగారు పడుచువాడుగా ఉన్నప్పుడు తమ మేనమామగారి వెంట రంభ దగ్గర చిలక సరస్సులో పడవ మీద బాతుల వేటకు పోయినవారు. అప్పటికి 1972 నాటి వన్యప్రాణి చట్టం రాలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరమూ ఎత్తము, ఆయనా ఎత్తరు. కనుక వాడి ప్రశ్నకు ఏమంటారో అని మేమందరం ఆయన ముఖం వైపు చూచాము. ఆయన అవుననలేదు, కాదనలేదు. "ముందు బొమ్మలు ఎలా పెట్టారో చెప్పరా అబ్బాయ్!" అన్నారు.

ఆ మాటతో ఒక గంట గడిచింది. ఆ తరువాత ఆదివారాలు ఇంకా కొన్ని గడిచినవి. మధ్యలో మేము కూడా, ఆఫీసులో పాత ఫైలు తిరగవేసినట్లు, ఈ విషయం గురించి దొరికినదల్లా చదివాము. చదువరులకు కూడా వినోదంగా ఉంటుందని ఇక్కడ వ్రాస్తున్నాము.

పక్షి సంగతి

మంచుబాతును ఇంగ్లీషులో స్నో గూస్ అంటారు. ఇది మన చెరువుల్లో తిరిగే చిన్న బాతు కాదు, పెద్దబాతు జాతి. ఒళ్లంతా మల్లెపువ్వు తెలుపు. రెక్కల చివరలు మాత్రం సిరాలో ముంచి తీసినట్లు నలుపు. ముక్కు అంచున నల్లని గీత ఒకటి ఉండడం వలన, ఎప్పుడూ ఎవరినో చూచి నవ్వుతున్నట్లుంటుంది. తూకం రెండు మూడు కిలోలు. వీటిలో ఒళ్లు నీలిబూడిద రంగుగా ఉండి తల మాత్రం తెల్లగా ఉండేవి కూడా ఉన్నవి. పూర్వం వాటిని వేరే జాతి అనుకొన్నారు గాని, రెండూ జతకట్టి, రెండు రంగుల పిల్లలనూ పెంచడం చూచి, ఒకటే జాతి అని తేల్చారు.

వేసవిలో ఇవి కెనడా ఉత్తరపు కొసన, చెట్టనేది మొలవని చలి నేల మీద గుడ్లు పెడతవి. చలికాలానికి వేల మైళ్లు ఎగిరి, టెక్సాస్, లూయిసియానా, ఆర్కన్సా రాష్ట్రాలకు దిగుతవి. ఆ ఏడు పుట్టిన పిల్లలు తల్లిదండ్రుల వెంటనే వచ్చి, చలికాలమంతా వాటితోనే ఉంటవి. ఇరవై ఏండ్లు దాటి బ్రతికిన మంచుబాతులున్నవి. అంటే ఇరవైసార్లు ఈ తుపాకుల మధ్యగా పోయి, తిరిగి వచ్చినవన్నమాట. అటువంటి ముసలి బాతు ముందు వేటగాని తెలివి ఎంత? అందుకే, ఉత్తరాన పిల్లలు ఎక్కువగా పెరిగిన సంవత్సరం వేట బాగుంటుందనీ, పిల్లలు లేని సంవత్సరం బొమ్మలు మోసిన శ్రమే మిగులుతుందనీ అక్కడివారు అంటారట. పిల్ల బాతు ఒళ్లు బూడిద రంగు. దానికి బొమ్మకూ బాతుకూ తేడా ఇంకా తెలియదు.

దీమము అనే మాట

ఇటువంటి బొమ్మకు మన భాషలో మంచి మాట ఉన్నది. దీమము. వేటగాడు తోటి మృగాలను ఆకర్షించడానికి పెట్టే మృగమో, పక్షియో దీమము. వేటగాడు దాగి ఉండే చోటు మాటు. ఈ రెండు మాటలూ మన పాత నిఘంటువులలో ఉన్నవే. ఇప్పుడు వాడేవారు లేక మూలబడినవి.

అమెరికాలో దీమపు బొమ్మలు తెల్లవాడు నేర్పినవి కావు. నెవాడా రాష్ట్రంలోని లవ్‌లాక్ అనే గుహలో 1924లో తవ్వకాలు జరిపినప్పుడు, తుంగతో అల్లి, రంగు పూసి, ఈకలు దోపిన బాతు బొమ్మలు పదకొండు బయటపడినవి. అవి సుమారు రెండు వేల ఏండ్ల నాటివి. బుట్టలో జాగ్రత్తగా సర్దిపెట్టినవాడు మరల రాలేదు. బొమ్మలు మాత్రం అలాగే ఉన్నవి. కెనడాలో జేమ్స్ అఖాతం వైపు ఉండే క్రీ జాతివారు టామరాక్ అనే చెట్టు సన్నని కొమ్మలను కట్టగట్టి బాతు ఆకారం చేసేవారు. ఇప్పటికీ చేస్తారు, అయితే అది ఎక్కువగా ఇళ్లలో అలంకారానికి పోతున్నది.

తరువాత వచ్చినవారు చెక్కతో చెక్కారు. సజీవమైన బాతులనే కాలికి త్రాడు కట్టి దీమాలుగా వాడారు. అవి అరుస్తుంటే పైనున్నవి నమ్మి దిగేవి. ఇది మరీ అన్యాయమని 1935లో అమెరికా ప్రభుత్వం సజీవ దీమాలను నిషేధించింది. గింజలు చల్లి పక్షులను రప్పించి కొట్టడం కూడా అప్పుడే నిషేధించారు.

మంచుబాతుల విషయంలో చెక్కబొమ్మలు చాలవు. ఇవి పదులలో కాదు, వేలలో మేస్తవి. వేల బొమ్మలు ఎవరు చెక్కగలరు? దీనికి ఉపాయం కనిపెట్టినది టెక్సాస్‌లో హ్యూస్టన్‌కు పడమటగా ఉన్న వరిపొలాలవారు. కేటీ, ఈగిల్ లేక్ అనే ఊళ్ల చుట్టుపక్కల, కోసిన వరి కొయ్యకాళ్లకు తెల్ల గుడ్డపేలికలు తగిలించేవారు. గుడ్డ చాలకపోతే పాత వార్తాపత్రికలు. అదీ చాలకపోతే పసిపిల్లల నడుముకు కట్టే గుడ్డలు. పైనుండి చూచే బాతుకు తెల్లగా కదిలినదల్లా బాతే. మా ఇంట్లో ఆడవాళ్లు ఇది విని, చాకలి ఆరవేసిన బట్టల మీద కూడా దిగుతవి కాబోలు అని నవ్వారు.

పరిచే పద్ధతి

ఇప్పుడు గుడ్డపేలికకు బదులు గాలితిత్తులు వచ్చినవి. పలుచని తెల్ల నైలాను సంచి. ముందు మూతి తెరచి ఉంటుంది. సన్నని కడ్డీకి తగిలించి నేలలో గుచ్చితే, గాలి దూరి, సంచి ఉబ్బి, మేస్తున్న బాతు ఒళ్లు కదిలినట్లు కదులుతుంది. వీటితోపాటు నిండు శరీరం గల ప్లాస్టిక్ బొమ్మలు, అట్టముక్క మీద బాతు ఆకారం కోసినవి, పొడుగు కర్రకు కట్టి రెక్కలు చాపిన గాలిపటాల వంటివి కూడా వాడతారు. మా మేనల్లుడు వెళ్లిన రోజున ఆరుగురు మనుషులు తలకు దీపాలు కట్టుకొని, రెండు గంటలకు పైగా కష్టపడి, ఎనిమిది వందల బొమ్మలు గుచ్చారట. అక్కడి బంకమట్టి బూటుకు పట్టుకొంటే ఒక్కొక్క కాలు వీశెడు బరువవుతుందని వాడి ఫిర్యాదు.

గుచ్చడానికి ముందు చేయవలసిన పని ఒకటున్నది. ముందురోజు సాయంకాలం బండిలో తిరిగి, బాతులు ఏ పొలంలో మేస్తున్నవో చూచి రావాలి. తెల్లవారి అవి నీటి మడుగు విడిచి, నిన్న మేసిన చోటికే మేతకు వచ్చే అవకాశం ఎక్కువ. ఆ చోటు దొరికితే వంద బొమ్మలు చాలు. దొరకకపోతే వెయ్యి బొమ్మలు కూడా చాలవు.

ఇక వరుస. వరుస అనే మాట వాడాము గాని, వరుసగా పెట్టకపోవడమే ఇందులో పద్ధతి. గుమాస్తా చేతికిస్తే గళ్ల కాగితం మీద అంకెలు వేసినట్లు పెడతాడు. బాతులు అలా మేయవు. మొదటి సూత్రం గాలి. బాతు గాలికి ఎదురుగా దిగుతుంది, గాలికి ఎదురుగా మేస్తుంది. కనుక బొమ్మల ముఖాలు దాదాపుగా గాలి వచ్చే వైపుకు ఉండాలి. అన్నీ ఒకే కోణంలో ఉండకూడదు. అలా ఉంటే కవాతు చేస్తున్నట్లుంటుంది. రెండవది, కుటుంబాలు. నాలుగు ఇక్కడ, ఆరు అక్కడ, తెల్లవాటి మధ్య బూడిద రంగు పిల్లలు రెండు, అటు నీలివి కొన్ని. ఒకదానికొకటి మూడు నాలుగు అడుగుల ఎడం. మరీ దగ్గరగా ఒదిగి ఉంటే బాతులు బెదిరి ఎగరబోతున్నవని పైనున్నవి అనుకొంటవి. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ఖాళీ.

ఈ ఖాళీ సంగతి విని నాన్నగారు మంచం మీద లేచి కూర్చున్నారు. బొమ్మల మధ్య, గాలి పోయే వైపుకు జరిపి, ఒక పెద్ద గది అంత జాగా విడిచిపెడతారు. ఆ ఖాళీకి వెనుకగా, కర్రల మీద ఎగిరే బొమ్మలు పెడతారు, అప్పుడే దిగబోతున్నట్లు. పైనుండి వచ్చే గుంపు ఎక్కడ దిగాలా అని చూస్తుంది. పెళ్లిలో ఆలస్యంగా వచ్చినవారు పంక్తిలో తమవాళ్ల మధ్య ఖాళీ విస్తరి ఉన్నదా అని చూచి అక్కడికే పోరా? అలాగే బాతు కూడా ఆ ఖాళీకే వస్తుంది. ఎనిమిది వందల బొమ్మలు పెట్టిన శ్రమంతా ఆ ఒక్క ఖాళీ కోసమే.

"అవునురా! చిలకలో కూడా అంతే. బాతులున్న చోటికి బాతులు రావు. బాతుల ప్రక్కన జాగా ఉన్న చోటికి వస్తవి" అన్నారు నాన్నగారు.

మాటు

దాగే చోటు బొమ్మల కంటె కష్టం. బాతు కన్ను మన కన్ను కంటె చురుకు. పైగా ఒక కన్ను కాదు, గుంపులో వెయ్యి జతలు. అవి తిన్నగా దిగవు. చాలా ఎత్తు నుండి సుడిగాలిలో ఆకుల వలె గిరగిర తిరుగుతూ, పది నిమిషాలైనా పరిశీలించి, అప్పుడు దిగుతవి.

టెక్సాస్ గుడ్డపేలికల కాలంలో మాటు చాలా తేలిక. తెల్లని పై చొక్కా తొడుక్కొని, ఆ పేలికల మధ్యనే వెల్లకిలా పడుకొనేవారు. మనిషి కూడా ఒక పెద్ద పేలిక అయిపోయేవాడు. ఇప్పుడు కొందరు పల్లకీ పెట్టె వంటి పొట్టి చట్రం వాడుతున్నారు. అందులో పడుకొంటే మోకాలెత్తు కంటె పైకి రాదు. పైన రెండు తలుపులు, తోస్తే తెరచుకొంటవి. దాని గుడ్డకు ఆ పొలంలోని గడ్డినే కోసి దోపాలి. ప్రక్క పొలం గడ్డి పనికిరాదు, రంగులో తేడా వస్తుంది. క్రొత్త పెట్టె అయితే మొదట బురద పులిమి ఎండబెట్టాలి, లేకపోతే ఎండకు మెరుస్తుంది. ఆర్కన్సా వరిపొలాలలో ఇంకొక పద్ధతి ఉన్నది. గట్టులో గొయ్యి తీసి, పెద్ద ఇనుప తొట్టిని దించి, లోపల బల్ల వేసి, పైన గడ్డి తడిక కప్పుతారు. నలుగురు ఐదుగురు అందులో కూర్చుండి కాఫీ కూడా కాచుకోవచ్చును.

ఏ మాటు అయినా పాడుచేసేవి చిన్న విషయాలే. ఎత్తిన ముఖం పైనుండి పళ్లెంలా మెరుస్తుంది, కాబట్టి ముఖానికి గుడ్డ కట్టాలి. గడియారం అద్దం తళుక్కుమంటుంది. బండి చక్రాల చాళ్లు తిన్నగా మాటు దాకా వచ్చి ఆగిపోతే, ముసలి బాతు ఆ చాళ్లనే చదువుకొంటుంది. బొమ్మల మీద పట్టిన మంచు తుడవకపోతే ఎండలో మెరుస్తుంది. గాలి లేని రోజున తిత్తులన్నీ వడలిపోయి చచ్చిన బాతుల వలె వ్రేలాడతవి. ఆ రోజు ఇంటికి పోవడమే మేలు. వేటకుక్కకు కూడా ప్రక్కనే చిన్న మాటు ఉంటుంది. మా మేనల్లుని మాటల్లో, అందరిలోకి కదలకుండా పడుకొన్నది ఆ కుక్క ఒక్కటేనట.

పండిన వరి, చౌడైన నేల

ఇంత చంపడం ఎందుకు అని ఇక్కడ అడిగేవారుంటారు. మేమూ అడిగాము. దీనికి జవాబు వరిలోనే ఉన్నది.

పూర్వం ఈ బాతులు చలికాలంలో సముద్రతీరపు చిత్తడి నేలల్లో తుంగ దుంపలు త్రవ్వుకొని తినేవి. దొరికినంతే మేత, బ్రతికినంతే సంఖ్య. ఇరవయ్యో శతాబ్దంలో తీరానికి ఎగువన వరి, మధ్య రాష్ట్రాల్లో మొక్కజొన్న విరివిగా వేశారు. యంత్రంతో కోసిన పొలంలో రాలిన గింజ పక్షికి అన్నసత్రమైంది. ఆకలితో చచ్చేవి చావడం మానివేసినవి. ఖండం మధ్య దారిన వచ్చే గుంపులు శీతకాలపు లెక్కలలో 1960ల చివర 10 లక్షల లోపు ఉండేవి, 1990ల మధ్యకు సుమారు 30 లక్షలైనవి.

దక్షిణాన తిండి ఉన్నది గాని, ఉత్తరాన గుడ్లు పెట్టే నేల పెరగలేదు. హడ్సన్ అఖాతం ఒడ్డున, చర్చిల్ పట్టణం దగ్గర లా పెరూజ్ అనే తీరంలో శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరాలు ఉండి చూచారు. బాతులు గడ్డిని పైపైన మేయక, వేళ్లతో సహా పీకి తింటవి. కప్పు పోయిన నేల ఎండకు ఆరి, అడుగునున్న ఉప్పు పైకి వస్తుంది. అంటే చౌడు. చౌడు పడిన నేల సంగతి తెలుగువాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. గడ్డి మరల మొలవదు. అక్కడ బ్రతికే మిగతా పక్షులకూ చోటు లేదు.

అందుచేత 1999లో అమెరికా ప్రభుత్వం మామూలు వేటకాలం ముగిసిన తరువాత వసంతకాలంలో కూడా మంచుబాతులను కొట్టవచ్చునని ప్రత్యేక ఉత్తరువు చేసింది. ఇతర బాతుల విషయంలో తప్పయినవి ఇక్కడ ఒప్పుకొన్నారు. రికార్డు చేసిన కూతలను యంత్రంతో వినిపించవచ్చును. తుపాకిలో మూడుకు మించి తూటాలు పెట్టవచ్చును. రోజుకు ఇన్ని అనే లెక్క లేదు. అయినా అనుకొన్నంత ఫలితం రాలేదు. తరువాత కూడా చాలాకాలం సంఖ్య పెరుగుతూనే పోయింది. ఇటీవలి సంవత్సరాలలో ఉత్తరాన పిల్లలు తక్కువగా బ్రతకడం వలన తగ్గుముఖం పట్టింది. తుపాకి చేయలేని పని ఆకలి చేస్తున్నది కాబోలు.

మాకు తోచినది ఇది. మనిషి తెలియక అన్నం పెట్టి పెంచాడు. పెరిగిన తరువాత, తెలిసి, బొమ్మలు పెట్టి కొడుతున్నాడు. రెండు తప్పులలో పక్షి చేసినది ఏమీ లేదు. అది మొదట అన్నాన్ని నమ్మింది, తరువాత తనవాళ్లను నమ్మింది.

నాన్నగారి జవాబు

చివరకు ఒక ఆదివారం మేనల్లుడు మళ్లీ అడిగాడు. నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పినది మేము కూడా మొదటిసారి విన్నాము.

ఆ కాలంలో ఒక పుష్యమాసం ఉదయం, రంభకు ఎదురుగా రెల్లు మాటున పడవ కట్టి కూర్చున్నారట. తల మీద రెండు నల్ల చారలుండే పెద్దబాతులు, హిమాలయాలు దాటి వచ్చేవి, జంటగా దిగినవి. సంస్కృత కవులు హంస అన్నది ఈ పక్షినేనని చెప్పే పండితులున్నారు. మేనమామగారు కొట్టారు. ఒకటి రెక్క విరిగి రెల్లులోకి పోయింది. మధ్యాహ్నం దాకా వెదికినా దొరకలేదు. రెండవది ఆ రెల్లు మీద అరుస్తూ తిరుగుతూనే ఉన్నది. మరునాడు వారు అటు పోతే అప్పుడూ తిరుగుతున్నది. "ఆ తరువాత నేను పడవ ఎక్కలేదు. వద్దని ఎవరూ చెప్పలేదు. చట్టం తరువాత వచ్చింది" అన్నారు.

కొంచెం ఆగి, "తప్పు అని నేను అననురా. అక్కడి నేల సంగతి నాకు తెలియదు. కాని అది దిగేది నీ బొమ్మను తనవాళ్లనుకొని. అలా నమ్మి వచ్చినదాన్ని కొడితే, గురి తప్పకూడదు, దెబ్బ తిన్నదాన్ని వదిలి రాకూడదు, తినకుండా పారవేయకూడదు. ఈ మూడూ నీ చేత అవుతవని నీకు నమ్మకముంటే పట్టు. లేకపోతే బొమ్మలు మోసి, చూచి రా. చూడడం కూడా చిన్న పని కాదు" అన్నారు.

మేనల్లుడు "బొమ్మలే మోస్తాను, తాతయ్యా" అన్నాడు. మా చెల్లెలు అక్కడి నుండే కన్నీళ్లు తుడుచుకొన్నది. నాన్నగారు ఫోను మాకిచ్చి, మజ్జిగ తెమ్మన్నారు.

చిలకకు ఉత్తరపు కొసన ఖుర్దా జిల్లాలో మంగళజోడి అనే పల్లె ఉన్నది. ఒకప్పుడు అక్కడ పక్షులను కొట్టి అమ్ముకొనేవారు. 2000 ప్రాంతంలో వారిలో కొందరు ఆ వృత్తి మాని, పక్షుల రక్షణకు సమితిగా ఏర్పడ్డారు. ఈనాడు వారే పడవలు నడిపి, వచ్చినవారికి పక్షులను చూపిస్తున్నారు. ఏ పిట్ట ఏ జాడలో దిగుతుందో, ఎంత దగ్గరకు పోతే లేస్తుందో వారికి తెలిసినంతగా పుస్తకం చదివినవారికి తెలియదు. వేటగానికి తెలిసిన విద్యే, కాపలాకు పనికి వచ్చినది.

మొన్న చలికాలంలో నాన్నగారిని అక్కడికి తీసుకొనిపోయాము. పడవ రెల్లు మధ్యకు పోగానే ఆయన వంగి, తల దించి, మమ్మల్ని కూడా తల దించమని సైగ చేశారు. తుపాకి లేదు, బొమ్మలు లేవు. అయినా మాటు మాటే. పడవవాడు ఆయన వైపు చూచి నవ్వి, తెడ్డు ఎత్తి పెట్టాడు. అందరమూ ఊపిరి బిగబట్టి కూర్చున్నాము. కాసేపటికి బాతులు వాటంతటవే దగ్గరకు వచ్చినవి.